ములాఖత్‌కు కట్టుకోవలసినవి

జైలులో ఉన్నవాళ్లను చూడబోయేటప్పుడు ఏం కట్టుకోవాలని ఈ మధ్య మా వీధి ఆడవాళ్లు నన్ను అడుగుతున్నారు. ఊళ్లో మళ్లీ అరెస్టులు మొదలైనాయి. భర్త లోపల ఉన్న ఒకామె మొన్న రెండు చీరలు చేతబట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది. మంచిది కట్టుకుంటే మొగుడు జైల్లో ఉంటే సింగారించుకుందని లోకం అంటుందట. పాతది కట్టుకుంటే లోపలున్నాయన బాధపడతాడట. పదేళ్ల కిందటైతే ఆమెకు నేనొక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి. గుడ్డ పని ఒంటిని కప్పడం, ఎండనూ చలినీ ఆపడం; అంతకుమించి దానికి అర్థాలు అంటగట్టడం మూఢత్వం అని. ఆ మాట ఇప్పటికీ తప్పనుకోను. అయినా ఆమెతో మంచి చీరే కట్టుకోమని చెప్పి పంపాను. ఎందుకు చెప్పానో ఇక్కడ రాస్తాను. మా ఇంట్లో జరిగిన సంగతి గనుక దీనికి వేరే సాక్ష్యాలు అక్కరలేదు.

మాది కర్నూలు జిల్లాలో ఒక నేత ఊరు. ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకటి నాయనది, ఒకటి అన్నది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకు మగ్గం లేదు, నోరు ఉండేది. మా పఠనమందిరంలో ఆదివారం ఆదివారం వాదాలు జరిగేవి. శకునం చూడటం సబబా, విధవకు మళ్లీ పెళ్లి చేయవచ్చునా, బొట్టుకూ పాతివ్రత్యానికీ ఏమిటి సంబంధం అని గంటలకొద్దీ వాదించేవాళ్లం. చివరికి నేను గెలిచానని నేనూ, తాను గెలిచానని అవతలి శాస్త్రిగారూ సంతోషంగా ఇళ్లకు పోయేవాళ్లం.

అన్న మాట తక్కువ మనిషి. నేను అన్నది ఆయన పోయి చేసేవాడు. కల్లంగడి ముందు నిలబడి అడ్డుకోవాలని సభలో అరిచింది నేను. పోయి నిలబడి, దెబ్బలు తిని, ఏడాది శిక్ష వేయించుకుని కడప జైలుకు పోయింది అన్న. ఆయనను తీసుకుపోయిన రోజు నాయన ఉబ్బసంతో మంచం మీద ఉన్నాడు. అన్న కాళ్లకు మొక్కబోతే నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోపంతో తిరిగాడో, కన్నీళ్లు కనబడకూడదని తిరిగాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అన్న ఆ వీపును చూసి జైలుకు పోయాడు.

ఆ తర్వాత నెలకు మా నేతవీధిలో ఆడవాళ్ల సభ పెట్టాము. అందులో నేను రెండు వాదాలను ఒకే ముద్దగా కలిపి వడ్డించాను. మీ చేతుల గాజులు దొరల సీమనుంచి ఓడల మీద వస్తున్నాయి గనుక వాటిని విడవాలని ఒకటి. అసలు గాజులనేవే ఆడదానికి మగవాడు వేసిన సంకెళ్లని రెండోది. రెండోది ఎవరికీ నచ్చలేదు. మొదటిదానికి మా అమ్మ లేచి నిలబడింది. కొడుకు జైల్లో ఉన్న తల్లి లేస్తే ఇక మాటేముంది, సభంతా కదలకుండా చూసింది. కుంకుడు నురుగుతో గాజులన్నీ ఒక్కొక్కటే తీసింది. పగలగొట్టమని ఎవరో అంటే, పగలగొట్టే పని మాత్రం తన చేతులతో చేయనన్నది. సీమగాజు మళ్లీ చేతికి ఎక్కించనని అందరి ముందు మాట ఇచ్చింది. రంగు చీరలు కూడా పెట్టెలో పెట్టి ఖద్దరు కట్టింది. మా ఊరికి వచ్చే ఖద్దరు తెల్లదే, గోనెపట్టా అంత మందం. నాకు గర్వంగా ఉండింది. నుదుట కుంకుమ ఉందికదా, మెడలో తాడు ఉందికదా, చేతులూ చీరా చూసి ఎవరేమనుకుంటారులే అనుకున్నాను. అసలు అంత కూడా అనుకోలేదు. నా బుర్రలో వాదం తప్ప వేరేది లేదు.

ఆ రోజుల్లోనే అమ్మ ఒకసారి డోన్‌లో ఉన్న తన చెల్లెలిని చూసి వచ్చింది. ఎండ ఎక్కువని కొంగు నుదుటి మీదికి లాక్కుని స్టేషనులో కూర్చుందట. డోన్‌లో కాపురముంటున్న మా ఊరివాడొకడు, సభ సంగతి తెలియనివాడు, దూరంనుంచి ఆమెను చూశాడు. తెల్లచీర, బోడి చేతులు, నుదురు కనబడలేదు. నాయన జబ్బు ఊరందరికీ తెలిసిందే. అతడు దగ్గరికి వచ్చి పలకరించలేదు. చావును దారిలో పలకరించరు, ఇంటికి వెళ్లి పలకరించాలి. అది మా వైపు మర్యాద. మర్నాడు ఇంటికి వద్దామనుకున్నవాణ్ణి మర్నాడే ఊరేగింపులో పట్టుకుని కడపకు పంపారు. అతడు ఆ పలకరింపు జైల్లో అన్నకు చేశాడు.

ఇదంతా మాకు ఎలా తెలిసిందంటే, శిక్ష ముగిసి వచ్చిన ఒక డోన్ వర్తకుడు అన్న కబురు చెప్పాలని పని పెట్టుకుని మా ఊరికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. చెంబుతో నీళ్లిస్తే పక్కన పెట్టుకున్నాడు గానీ తాగలేదు. మైల ఇంట్లో నీళ్లు తాగరు కదా, అందుకు. నాకది తట్టలేదు. నేల చూస్తూనే నోరు విప్పాడు.

"మీ అన్న తిండి తినేది లేదప్పా. మీ నాయన పోయిన కబురు తెలిసినప్పట్నుంచి మనిషి మనిషిగా లేడు."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. దగ్గు తెర ఒకటి వచ్చి తగ్గాక, గుంతలోనుంచే నాయన గొంతు వినబడింది.

"ఎవరప్పా పోయింది?"

వర్తకుడు లేచి నిలబడ్డాడు. లోపలికి తొంగిచూశాడు. నాయన మగ్గం గుంతలో నడుము దాకా కూర్చుని, పోగు నడిపే నాడె చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. వర్తకుడు మళ్లీ వచ్చి కూర్చుని, చెంబెత్తి గటగటా నీళ్లన్నీ తాగేశాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాము. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అన్న జైలు మంగలిని అడిగి తలా మీసమూ గొరిగించుకున్నాడట. రోజుకొక గుక్కెడు గంజి తప్ప ముట్టడం లేదట. దినాలకు ఇంటికి పంపమని అడిగితే, ఇక మీదట ఇటువంటి పనులు చేయనని రాసి చేతులెత్తి మొక్కినట్టు సంతకం పెడితే పంపుతామన్నారట. దాన్ని అక్కడ మాఫీ కాగితం అంటారు. పెడతానని ఒకరోజు, పెట్టనని ఒకరోజు అన్న కొట్టుకుంటున్నాడట. నాయనకు కొరివి పెట్టలేదు, కర్మ అయినా చేయకపోతే ఎట్లా అని అర్ధరాత్రి లేచి కూర్చుంటాడట.

నేను కర్మలను నమ్మను. అన్న నమ్ముతాడు. లేని చావుకు కర్మ చేయడానికి ఆయన మాఫీ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వస్తే, గడపలో నాయన ఎదురైతే, ఆ తర్వాత అన్న తల ఎత్తుకుని బతకగలడా? నేను వెంటనే ఉత్తరం రాస్తాననీ, కింద నాయన చేత సంతకం పెట్టిస్తాననీ అన్నాను. వర్తకుడు తల అడ్డంగా ఊపాడు.

"రాసినా నమ్మడప్పా. జైల్లో ఉండేవానికి ఇంట్లోవాళ్లు చావు రాయరు. ఆ సంగతి లోపలుండే ప్రతివానికీ తెలుసు."

అది నిజం. నేను తర్కం చదివినవాణ్ణి, సాక్ష్యం అంటే ఏమిటో పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి. నా చేతి రాత అన్న దగ్గర సాక్ష్యంగా చెల్లదు. నాయన వెళ్లి నిలబడితే చాలు, కానీ ఆయనకు వీధి చివరకు నడిస్తేనే ఊపిరి అందదు. రెండు రైళ్లు మారి కడపకు తీసుకుపోతే అబద్ధపు కబురు దారిలోనే నిజమవుతుంది. ములాఖత్‌కు మాకు దొరికిన రోజు వారం దూరంలో ఉంది. ఇద్దరికి అనుమతి. నేనూ అమ్మా. అంటే నాయన బతికి ఉన్నాడని అన్నకు చూపగలిగేది అమ్మ ఒంటి మీద ఉన్నవే. నిండుగా గాజులు, రంగు చీర, పూలు, రూపాయంత కుంకుమ. మొగుడు పోయిన మనిషి మా వైపు చచ్చినా అలా తయారవదు. అది అన్నకు తెలుసు.

ఆ మాట అమ్మకు నసుగుతూ చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. విని, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పొద్దు తియ్యమంటివి. ఈ పొద్దు ఎయ్యమంటాండావు. నడుమ నీ బుద్ధి మారిందా, నా చేతులు మారినాయా?"

ఆమెకు కోపం లేదు, ఎగతాళి మాత్రమే. కుంకుమా చీరా సరే, గాజుల సంగతే చిక్కు. పదిమందిలో ఇచ్చిన మాట తప్పనన్నది. కొడుకు ప్రాణం కంటే మాట ఎక్కువా అని నేను వాదించబోయాను. ఆ మాట కోసమే కదా నా కొడుకు లోపల ఉన్నాడని ఒక్క ముక్కలో నన్ను కూర్చోబెట్టింది. వాడు సంతకం పెట్టకూడదని పోతున్నాం, నేనే మాట తప్పి పోతే వానికి ఏ మొహంతో చెప్పేది అన్నది. ఎన్నో ఆదివారాలు వాదాల్లో గడిపాను గానీ ఇంత శుభ్రమైన వాదం నేను వినలేదు.

మర్నాడు గాజులమ్ముకునే తురకల అవ్వ గాజుల దండలు గుచ్చిన మలారం భుజాన వేసుకుని వచ్చింది. మా సభ అయినప్పటినుంచి ఆమె మా వీధి మొహం చూడలేదు. అమ్మే కబురు పంపింది. నా వాదం వల్ల ఒక ముసలామె కూడు పోయిందన్న సంగతి కూడా అప్పుడే నాకు మొదటిసారి తోచింది. అమ్మ తన చిక్కు చెబితే అవ్వ నావైపు తిరిగింది.

"దేశం గాజులు లేవని నీకెవరు చెప్పినారప్పా? ఉత్తరాదిలో మావాళ్లే కాలుస్తారు. మందంగా ఉంటాయి, మెరుపు తక్కువ. దొరసాని గాజుల మాదిరి నాజూగ్గా ఉండవని ఎవురూ అడగరు. మీటింగు పెట్టేముందు నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని గదా."

మలారం అడుగునుంచి తీసింది. ఆకుపచ్చవి, ఎగుడుదిగుడుగా, లోపల బుడగలతో. అమ్మ ముంజేతులు రెండూ నిండేదాకా ఎక్కించింది. ఆ తొడిగేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ నా మీదే. నేను విననట్టు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

చీర నాయన ఎంచాడు. మిరపపండు రంగు, పసుపు అంచు, ఆయనే నేసింది. తెల్లదానికి భయపడ్డవాడు దీన్ని చూసి భయపడడులే అన్నాడు. బయలుదేరే పొద్దున, వానికేమైనా చెప్పాలా అని అమ్మ అడిగితే, ఆయన తెగిన దారం ముడివేస్తూ, వాని మగ్గంలో ఎలుకలు కాపురం పెట్టాయని చెప్పమన్నాడు.

డోన్‌లో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి బండి మారాము. దారి పొడుగునా అమ్మకు సిగ్గే. తెల్లచీరకు అలవాటైన మనిషి, ఆ ఎర్రచీరలో ఒదిగి ఒదిగి కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ఒకామె ఏం పెళ్లికి పోతున్నారని అడిగింది. అమ్మ నావైపు చూసి, మా పెద్దోన్ని చూడను పోతాండామని మాత్రం చెప్పింది. కోడలు నీళ్లాడిందా, ఏం బిడ్డ అని ఆమె మళ్లీ అడిగింది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కడపలో దిగాక కనకాంబరాలు కొని తల్లో పెట్టుకుంది.

జైలు గేటు దగ్గర మా పథకానికి మొదటి దెబ్బ నావల్లే తగిలింది. నేను ఖద్దరు చొక్కాతో పోయాను. ఆ గుడ్డలతో లోపలికి పోనియ్యనని వార్డరు ఆపాడు. అటువంటి నిబంధన ఎక్కడ రాసి ఉందో చూపమన్నాను. పౌరుడి బట్ట మీద ప్రభుత్వానికి ఏం హక్కు ఉందని మొదలుపెట్టాను. రెండో వాక్యం మధ్యలో అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, నువ్వు ఈడనే వాదించుకుంటా ఉండు, నేను పోయొస్తా అన్నది. మమ్మల్ని తెచ్చిన జట్కా సాయిబు చెట్టుకింద గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. పోయి అతని చొక్కా అడిగాను. ఏమనుకున్నాడో ఏమో, విప్పి ఇచ్చాడు. భుజాల దగ్గర చిరుగులు, నిండా గుర్రపు చెమట వాసన. నా ఖద్దరు అతడు తొడుక్కుని, ఇంత బరువు చొక్కా ఎట్ల మోస్తాండావప్పా అన్నాడు.

లోపల అమ్మను సోదా చేసిన ఆడమనిషి పూలదండ విప్పి చూసింది. చీటీ ఏమీ లేకపోయినా దండ తిరిగి ఇవ్వలేదు. పోనిమ్మన్నాము.

ములాఖత్ గది ఒక పొడుగాటి వసారా. మాకు ఇటువైపు ఒక ఇనుప తీగల జల్లెడ, వాళ్లకు అటువైపు ఒక జల్లెడ, నడుమ నడవా, నడవాలో వార్డరు. జల్లెడ కింద నడుమెత్తు గోడ, దాని పైన పరిచిన బండలు. అన్నను తెచ్చి నిలబెట్టారు. నేను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. తలమీద జుట్టు లేదు, మీసం లేదు, మెడ ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఆయన మొదట నన్ను చూశాడు. నేను గడ్డం గీయక వారమైంది. పైన చిరుగుల చొక్కా. చావు ఇంటినుంచి వచ్చిన తమ్ముడు ఎలా ఉంటాడో సరిగ్గా అలా ఉన్నాను. అంతే, తల దించేశాడు. మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన అమ్మవైపు చూడడు. విధవ అయిన అమ్మ మొహాన్ని మొదటిసారి ఎదురుగా చూసే ధైర్యం ఏ కొడుక్కుంటుంది? మేము చీరా కుంకుమా అన్నీ ఆలోచించాము, ఆయన కళ్లు దించుకుంటాడని ఆలోచించలేదు. చూడనివాడికి ఏ రంగైతే ఏమిటి? నేను నాయన బాగున్నాడన్నా అన్నాను. తల దించుకునే ఊపాడు, చిన్నపిల్లవాడి అబద్ధాన్ని పెద్దవాళ్లు ఒప్పుకున్నట్టు. అమ్మ కూడా చెప్పింది. దానికీ అలాగే ఊపాడు. సమయం పావుగంటే. వార్డరు అటునుంచి ఇటు ఒకసారి నడిచి వచ్చాడు.

అమ్మ మాట్లాడటం మానేసింది. రెండు చేతులూ ఎత్తి, ముంజేతులను ఆ గోడ బండమీద కొట్టింది. ఆ మందపు గాజులు గలగలమనలేదు, ఖణఖణమని మోగాయి. మళ్లీ కొట్టింది. రెండు పగిలి ముక్కలు నేలమీద పడ్డాయి. ఏమమ్మా, ఇదేమన్నా పెళ్లిపందిరా అని వార్డరు గదమాయించాడు.

అన్న తల ఎత్తాడు.

గాజులనుంచి కుంకుమ దాకా చూశాడు. జల్లెడలో వేళ్లు దూర్చి పట్టుకున్నాడు. అప్పుడు ఆయన నోట వచ్చిన మొదటి మాట:

"సీమగాజులు ఎయ్యనని మాటిచ్చినావంట గదమ్మా?"

"దేశానివే నాయనా," అన్నది అమ్మ. "తురకల అవ్వనడుగు."

అన్న నవ్వబోయి ఏడ్చాడు. ఏడుస్తూనే, నాయన ఏమన్నాడని అడిగాడు. ఎలుకల సంగతి అమ్మ చెప్పింది. ఆ మాట నాయనే అనగలడు, అమ్మా నేనూ కలిసి వారం ఆలోచించినా అటువంటిది కల్పించలేము. అది విన్నాక అన్నకు ఇక ఏ అనుమానమూ మిగలలేదు. గుండు మీద చెయ్యి రాసుకుని, దీన్ని చూస్తే నాయన నన్ను కొడతాడు అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, ఆ చొక్కా యాడ దొంగిలించినావురా అని అడిగాడు. మిగిలిన కొద్ది నిమిషాలూ మేము ముగ్గురం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు. మాఫీ కాగితం గురించి ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేకపోయింది.

బయటికి వచ్చి జైలు ఎదుట ఒక బండమీద కూర్చున్నాము. జట్కా సాయిబు తన చొక్కా తీసుకుని, తిరుగు రైలుకు ఇంకా పొద్దుందని చెట్టుకింద పడుకున్నాడు. నా గుండె అంత తేలిగ్గా అంతకుముందెప్పుడూ లేదు. ఆ తేలికలోనే నా వాదం నన్ను మళ్లీ పట్టుకుంది. ఆ రోజు అమ్మ గాజులు నిజం చెప్పగలిగాయంటే, అంతకుముందు ఆమె బోడిచేతులు అబద్ధం చెప్పగలిగినందువల్లే కదా? మొగుడి బతుకూ చావూ ఆడదాని ఒంటి మీద రాసిపెట్టే ఆచారం లేకపోతే అన్న అన్ని రోజులు ఆకలితో మాడేవాడే కాదు. ఇది నేను ఎక్కడైనా నిలబడి వాదిస్తాను. కానీ జనం చదివే అక్షరాలు అవే అయినప్పుడు, వాటిని ఒక రాత్రిలో చెరిపేసి, ఎవరు ఏం చదువుకుంటారో చూడకుండా పోయింది నేను. ఆ తప్పు ఆచారానిది కాదు. అమ్మతో అదే అన్నాను. చేసిందంతా చేసి ఇప్పుడు నా తల తినొద్దన్నది.

పొద్దు తిరిగాక కాపలా మారింది. లోపల మమ్మల్ని గదమాయించిన వార్డరే బీడీ వెలిగించుకుంటూ బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. మీవాడు సంకటి రెండో ముద్ద అడిగినాడని చెప్పాడు.

"అడిగి ఊరుకోలే. పులుసులో ఉప్పు లేదని వంటవాన్ని తిట్టినాడు గూడా."

"తిట్టినాడా?" అన్నది అమ్మ. "అయితే ఇంక భయంల్యా."

రొట్టెల మూట విప్పింది. జొన్నరొట్టె విరిచి, చెనిక్కాయల పొడి అద్దుకుని తినడం మొదలుపెట్టింది. ఇల్లు వదిలినప్పటినుంచి ఆమె ఏమీ తినలేదని నేను అప్పుడు గమనించాను. నాకు ఇవ్వాలన్న ధ్యాస కూడా లేకుండా, ఎర్రచీర కొంగు నేలమీద జీరాడుతుంటే, రెండు రొట్టెలు తిన్నది.